తెరుచుకోని పిడికిలి

గనిలో బొగ్గు మోసే బెల్టు కింది రోలర్‌లో ఇరుక్కున్న బొగ్గుపెళ్లను చేత్తో లాగబోయి వీరేందర్ కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. బెల్టు ఆపకుండా చెయ్యి పెట్టకూడదని అతనికి తెలియక కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆ మాట చెప్పేదే అతను. అయినా ఆ రోజు పెట్టాడు. పక్కన పనిచేస్తున్న మొండయ్య పరుగెత్తి బెల్టు ఆపేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఖమ్మం దవాఖానాలో మోచేతి కింద బెత్తెడు మిగిల్చి మిగతాది తీసేశారు.

ఇల్లెందు కాలనీలోని క్వార్టర్‌కు తిరిగి వచ్చాక గాయం బాగానే మానింది. కుట్లు విప్పారు. ఇక పర్వాలేదనుకుంది భార్య తిరుమల. ఆ మర్నాడే అన్నం తింటూ తింటూ అతను ఎడమచేత్తో కంచాన్ని పక్కకు నెట్టేశాడు.

"చెయ్యి నొస్తుంది," అన్నాడు.

"కుట్ల దగ్గరనా?"

"కుట్లు గాదు. చెయ్యి. పోయిన చెయ్యి. పిడికిలి బిగుసుకపోయింది తిరుమలా. గోర్లు అరచేతుల దిగుతున్నయ్. తెరుద్దామంటే తెర్సుకుంటలేదు."

తిరుమల అతని చొక్కా కుడిచేతిని చూసింది. మడతపెట్టి పిన్నీసు పెట్టింది తనే. అక్కడ ఏమీ లేదు. అతని మొహం మీద మాత్రం చెమట పట్టింది, పళ్లు బిగుసుకున్నాయి. ఏ చేతిని పట్టుకోవాలో తెలియక ఆమె అతని భుజం పట్టుకుని కూర్చుంది.

నరాలకు చెయ్యి పోయిన సంగతి ఇంకా తెలియలేదని, కొందరికి ఇట్లా అవుతుందని డాక్టరు చెప్పాడు. మాత్రలిచ్చాడు. వాటితో నిద్ర వచ్చేది. నిద్ర లేవగానే పిడికిలి ఉండేది. చుట్టుపక్కల వాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. లేని చెయ్యి నొస్తుందనే మనిషితో ఎవరైనా ఎంతసేపని మాట్లాడతారు? వీరేందర్ బయటికి వెళ్లడం మానుకున్నాడు.

తిరుమల బాలికల హాస్టల్లో వంట చేస్తుంది. పిల్లల టిఫిన్ కోసం తెల్లవారకముందే వెళ్లాలి. అందుకని కూతురు హంసికను బడికి తయారుచేసేది ఎప్పుడూ వీరేందరే. ఆ పిల్లకు నడుము దాకా జుట్టు. పాయలు తీసి, రెండు జడలు వేసి, ఎర్రరిబ్బన్లు మడిచి కట్టడంలో అతనికి సాటి కాలనీలో ఆడవాళ్లు కూడా లేరు. మొదట్లో ఎగతాళి చేసిన ఎదురింటి రామక్క తన మనవరాలికి కూడా వెయ్యమని ఓ రోజు పట్టుకొచ్చింది. ఇప్పుడు హంసికకు ఆ రామక్కే జడలు వేస్తోంది. వదులుగా వేసేది. మధ్యాహ్నానికి ఊడిపోయేవి. ఆ పిల్ల ఆ మాట ఇంట్లో చెప్పేది కాదు.

చలి మొదలైన రోజుల్లో ఇల్లెందు దవాఖానా నుంచి కబురు వచ్చింది. హైదరాబాద్‌లో ఏదో కాలేజీవాళ్లు చేతులూ కాళ్లూ పోయినవాళ్ల నొప్పి మీద పరీక్షలు చేస్తున్నారు. ఆ సామాను కొన్నాళ్లు ఇక్కడ ఉంచుతారట. దాన్ని చూసుకునేది ఫిజియోథెరపీ చేసే ప్రమీల. చర్ల దిక్కు అడవిలోని ఒక గూడెం ఆమెది. ఇంట్లో కోయ మాట్లాడేదట. నెమ్మదైన మనిషి. పేషెంట్లందరినీ అన్నా, అక్కా అని పిలిచేది.

మొదటిరోజు ఆమె మిగిలిన మొండిచేతికి ఒక పట్టీ చుట్టింది. కళ్లకు పెట్టుకునే నల్లటి పెట్టెలాంటిదాన్ని చేతిలోకి తీసుకుని వీరేందర్‌కు, తిరుమలకు ఇద్దరికీ చూపించింది.

"ఇది పెట్టుకున్నంక మీకు ఈ గది కనపడదన్నా. వదిన కనపడదు, నేను కనపడను. వేరే జాగకు పోయినట్టే ఉంటది. దీన్ని వీఆర్ అంటరు. ఆ జాగల మీకు రెండు చేతులుంటయ్. ఈ పట్టీ మీ కండ కదలికను చూసి, అక్కడున్న చెయ్యిని కదిలిస్తది. కొన్ని వారాలైనంక ఇంకోటి చేద్దాం, దాన్ని ఏఆర్ అంటరు. అండ్ల ఎటూ పోయేది లేదు. ఇదే గది, ఇదే కుర్చీ, మీరే. ఎదురుంగ టీవీల మీరు కనపడ్తరు. లేని చెయ్యిని మాత్రం కంప్యూటర్ తెచ్చి మీకు అతికిస్తది."

"రెండూ ఒకటే గద మేడం," అన్నాడు వీరేందర్. "రెండూ అబద్ధమే గద."

"అబద్ధమేనన్నా. కని నొప్పికి ఆ సంగతి తెల్వదు."

అతను పెట్టె పెట్టుకున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత తల అటూ ఇటూ తిప్పాడు, కిందికి వంచాడు, అట్లాగే ఉండిపోయాడు. తన చేతుల్ని చూసుకుంటున్నాడని తిరుమలకు అర్థమైంది.

"ఇప్పుడు మెల్లగ తెరువుండ్రి," అంది ప్రమీల.

మొండిచేతి కొసన కండ వణికింది. ఆగింది. మళ్లీ కదిలింది. వీరేందర్ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పెట్టె కిందనుంచి చెంపల మీదికి నీళ్లు కారాయి.

"తెర్సుకుంది," అన్నాడు. "తిరుమలా, తెర్సుకుంది."

పిలిచింది ఆమెనే. అతని మొహం మాత్రం ఆమె వైపు లేదు.

ఆ సాయంత్రం దాకా నొప్పి రాలేదు. వచ్చిన తర్వాత కూడా మునుపటంత రాలేదు. వీరేందర్ మళ్లీ కడుపునిండా తిన్నాడు. హంసికను పక్కన కూర్చోబెట్టుకుని ఆ జాగ ఎట్లా ఉంటుందో చెప్పాడు. అక్కడో తోట ఉందట. పేరు తెలియని ఎర్రటి పండ్లట, చెట్టుకు చేతికందేంత ఎత్తులోనే ఉంటాయట. కుడిచేత్తో కోసి ఎడమచేతిలోని బుట్టలో వెయ్యాలట. గాలి వస్తే ఆకులు కదులుతాయట.

"మనం పోవచ్చా డాడీ?" అని అడిగింది పిల్ల.

"మీరు రాలేరు బిడ్డా. ఒక్కరికే."

దవాఖానాకు వెళ్లే రోజు అతను పొద్దున్నే లేచి తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. తిరుమల హాస్టల్లో రెండో పూట వంటకు ఇంకొకరిని ఒప్పించి అతని వెంట వెళ్లేది. గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చునేది. ఆమెకు కనిపించేది తోట కాదు. కుర్చీలో ఒక మనిషి, కళ్లకు నల్లటి పెట్టె. మొండిచెయ్యి గాల్లోకి లేస్తుంది, ఎవరికీ కనపడనిదాన్ని కోస్తుంది, ఎడమచేతికి అందిస్తుంది. ఆ మనిషి నవ్వుతాడు. పెళ్లయిన కొత్తలో ఏన్కూరులో ఆమె పుట్టింటివాళ్ల మిరపచేలో వాళ్లతో కలిసి కాయలేరుతూ అతను నవ్విన నవ్వు అది. అంత నవ్వు ఈ మధ్య ఇంట్లో ఎవరూ చూడలేదు. పెట్టె తీయగానే అతను గదిని ఒకసారి చూసేవాడు, చొక్కాచేతిని చూసేవాడు, తర్వాత ఆమెను చూసేవాడు. ఆ మూడు చూపుల్లోనే నవ్వు పోయేది. తనను చూడడం వల్లే పోతోందా అని ఆమెకు ఒక్కోసారి అనిపించేది. 

అందుకే ఏఆర్ మొదలుపెడదామని ప్రమీల అన్నప్పుడు ఆమె సంతోషించింది.

"కొంతమందికి ఇదే ఎక్కువ నిలుస్తది వదినా," అంది ప్రమీల. "వీఆర్‌ల నయమైంది అక్కడనే ఉండిపోతది. ఏఆర్‌ల అయితే తన గదిల, తన మనుషుల నడుమ చెయ్యిని చూస్తడు. పాపను కూడ తీస్కరాండ్రి. ఇల్లున్నట్టే ఉండాలె."

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ వెళ్లారు. గోడకు పెద్ద టీవీ, దాని మీద చిన్న కెమెరా. వీరేందర్ కుర్చీలో కూర్చుని పట్టీ కట్టించుకున్నాడు. టీవీలో అతనున్నాడు. అదే చొక్కా, అదే మాసిన గడ్డం. వెనక స్టూలు మీద తిరుమల, పక్కన నిలబడి హంసిక. ప్రమీల ఏదో నొక్కగానే మోచేతి కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. మణికట్టు, అరచెయ్యి, అయిదు వేళ్లు. రంగు కొంచెం తేడాగా ఉంది కానీ అది చెయ్యే. అతను కదిపితే కదిలింది. వేళ్లు ముడిస్తే ముడుచుకున్నాయి, తెరిస్తే తెరుచుకున్నాయి.

తిరుమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆమె కూడా చూస్తోంది. ముగ్గురూ ఒకే బొమ్మలో ఉన్నారు, అతను అతనిలాగే ఉన్నాడు. వీరేందర్ టీవీలోనే ఆమె కళ్లలోకి చూశాడు.

"మంచిగుందా?" అన్నాడు.

"అవ్. మంచిగుంది."

హంసిక టీవీ వైపు చూస్తూనే జడకున్న రిబ్బను లాగేసింది. ముడి ఊడిన జుట్టును వీపు మీదికి వేసుకుని, తండ్రి మోకాళ్ల మధ్యకు వచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. రిబ్బను భుజం మీంచి అతనికి అందించింది.

"జడెయ్యి డాడీ."

ప్రమీల ఏదో అనబోయింది. వీరేందర్ అప్పటికే ఎడమచేత్తో రిబ్బను అందుకుని పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఎప్పుడూ అట్లాగే పెట్టుకునేవాడు. ఎడమచేత్తో జుట్టును కూడదీశాడు. టీవీలో కుడిచెయ్యి వచ్చి రెండో పాయను పట్టుకోబోయింది. వేళ్లు జుట్టులోంచి వెళ్లిపోయాయి. మళ్లీ పెట్టాడు. మళ్లీ వెళ్లిపోయాయి. పిల్ల తల మీద, మెడ మీద ఆ చెయ్యి ఈతకొట్టినట్టు తిరిగింది కానీ ఒక్క వెంట్రుక కదలలేదు. ఇక్కడ, కుర్చీలో, పట్టీ కట్టిన మొండిచెయ్యి హంసిక భుజానికి తగులుతూ ఉంది.

ఆ పిల్ల టీవీలో అంతా చూస్తూనే ఉంది. కదలకుండా నిలబడింది. "ఇంకొంచెం గట్టిగ పట్టు డాడీ," అంది.

అతను మరోసారి ప్రయత్నించాడు. అప్పుడు ఆ చెయ్యి ముడుచుకోవడం మొదలైంది. బొటనవేలు లోపలికి వెళ్లింది, మిగతావి దాని మీద బిగుసుకున్నాయి. రిబ్బను అతని నోట్లోంచి కింద పడింది.

"బంద్ చేయుండ్రి," అన్నాడు.

ప్రమీల చప్పున ఆపేసింది. టీవీ నల్లబడింది. కానీ పిడికిలి ఆగలేదు. వీరేందర్ కుర్చీలోంచి నేలమీదికి జారి, మొండిచేతిని కడుపులోకి అదుముకుని ముడుచుకుపోయాడు. ఇంజెక్షన్ ఇచ్చి, మంచం మీద పడుకోబెట్టాల్సివచ్చింది. పాపను తీసుకురమ్మన్నది తానేనని ప్రమీల తిరుమలతో రెండుసార్లు అంది. తిరుమల కింద పడిన రిబ్బను ఏరి కొంగున ముడివేసుకుంది. 

ఆదివారం పొద్దున హంసిక తల్లి దగ్గరికి వచ్చి జుట్టు కత్తిరించమంది. బాబ్‌కట్ చేయించుకుంటే దువ్వుకోవడం తనకే వస్తుందంది. తిరుమల వద్దంది, బతిమాలింది, కోప్పడింది. ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు, పీట వేసుకుని కూర్చుంది. కత్తెర చప్పుడుకు లోపలి గదిలోంచి వీరేందర్ బయటికి వచ్చి, గడపలో నిలబడి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

ఏఆర్ ఇక వద్దన్నాడు. తోటే కావాలన్నాడు. ఇంకోసారి, ఈసారి మెల్లగా, పాప లేకుండా చేసి చూద్దామని ప్రమీల నచ్చజెప్పింది.

"మీకు రెండిట్ల తేడా చదువుల ఉన్నది మేడం," అన్నాడు వీరేందర్. "నాకు తెల్సిన తేడా చెప్త. ఆ తోటల అయితే నేను చెయ్యున్న కాడికి పోత. వచ్చేటప్పుడు చెయ్యి అక్కడనే ఉంటది, నేనొక్కన్నే వస్త. ఈ టీవీల చెయ్యే నా ఇంటికొస్తది. నా పిల్ల ముంగట నిలవడ్తది. నిలవడి, ఏం చేయకుండ పోతది. అది నాతోని గాదు."

ప్రమీల తల వంచుకుంది. మిగిలిన రోజులన్నీ తోటే పెట్టింది. అయితే ఆ శనివారం తర్వాత తోట కూడా మునుపట్లా పనిచెయ్యలేదు. పండు కోస్తుండగానే పిడికిలి బిగుసుకునేది. కొన్నిసార్లు తెరుచుకునేది, చాలాసార్లు తెరుచుకునేది కాదు. అయినా అతను వెళ్లేవాడు. గడువు అయిపోయింది. కాలేజీవాళ్లు కారులో వచ్చి పట్టీలనూ పెట్టెలనూ సర్దుకున్నారు. కారు గేటు దాటేదాకా వీరేందర్ దవాఖానా మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

ప్రమీల ఊరుకోలేదు. ఎదురుగా అద్దం పెట్టి, ఎడమచేతినే కుడిచెయ్యిగా చూపించే ఒక పాత పద్ధతి ఉందని అద్దం తెచ్చి ఇంటికే వచ్చింది. అతను అద్దంలోకి ఒకసారి చూసి బోర్లా పెట్టాడు. పెట్టుడు చెయ్యికి కొలతలు తీసుకునేవాళ్లు ఖమ్మం వస్తున్నారని చెప్పింది. "అది కూడ గంతే గద," అన్నాడు. బతిమాలి బతిమాలి ఆమె వెళ్లిపోయింది. 

వేసవిలో ఒకరోజు వీరేందర్ ఖమ్మం వెళ్లి ఫోను లోపల పెట్టి కళ్లకు కట్టుకునే అట్టపెట్టెలాంటిది ఒకటి తెచ్చుకున్నాడు. పట్టీలు లేవు, కంప్యూటర్ లేదు. పొద్దున కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. తిరుమల సర్దిచెప్పుకుంది. తోట దొరికిందనుకుంది. నొప్పికి అదే మందైతే అట్లాగే కానిమ్మనుకుంది.

ఒకనాడు అతను స్నానానికి వెళ్లినప్పుడు ఆమె దాన్ని తీసి కళ్లకు పెట్టుకుంది. ఎదురుగా సముద్రం. తల తిప్పితే ఇసుక, ఇంకా తిప్పితే కొండలు. ఎక్కడా మనిషి లేడు. తోటా లేదు, పండ్లూ లేవు. ఆమె తన చేతుల కోసం కిందికి చూసింది. చేతులు లేవు. కాళ్లు లేవు. తాను నిలబడిన చోట ఇసుక ఉంది, తాను లేదు. చప్పున పెట్టె లాగేసింది. వీరేందర్ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇండ్ల చేతుల్లేవు గదా," అంది.

"లేవు."

"మరి ఏం చూస్తున్నవయ్యా ఇండ్ల?"

అతను తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. "రెండు చేతులూ లేవు, కాళ్లు లేవు, మనిషే లేడు," అన్నాడు. "ఒక్కటి పోయినట్టు ఎర్కనే ఉండదు."

"నొప్పి తగ్గుతుందా?"

"లేదు. నొప్పి నొప్పే. కని అది ఎవలిదో అన్నట్టుంటది."

"మేము?"

అతను ఆమె చేతిలోంచి పెట్టెను తీసుకున్నాడు, లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. తలకు తగిలించుకోవడానికి ఒక్క చేత్తో తిప్పలు పడుతుంటే ఆమే వెనక్కి వెళ్లి పట్టీ బిగించింది.

ఆ తర్వాత తిరుమల దాన్ని దాచెయ్యాలని చూసింది. ఒకసారి దాచింది కూడా. ఆ రెండు రోజులూ అతను గోడకు తల ఆనించి పడ్డ బాధ చూడలేక మళ్లీ తెచ్చి ఇచ్చింది. హంసిక తండ్రితో ఏమైనా చెప్పాలంటే ముందు మోకాలు తట్టడం నేర్చుకుంది. తట్టి కాసేపు చూసేది. పెట్టె పైకి లేస్తే చెప్పేది, లేవకపోతే వెళ్లి తన పని చూసుకునేది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం తిరుమల హాస్టల్ నుంచి వచ్చేసరికి అతను కుర్చీలో అట్లాగే ఉన్నాడు. మొండిచేతి కొసన కండ ఎగిరెగిరి పడుతోంది. నొప్పి ఎంత ఉందో ఆ కండను చూసి చెప్పగలదిప్పుడు. ఆమె తడిసిన గొడుగు కింద పెట్టి అతని ముందు నేలమీద కూర్చుంది. మొండిచెయ్యి ముందు, పిడికిలి ఉండాల్సిన చోట తన రెండు చేతులూ పెట్టింది. చిటికెనవేలు ఉండే చోట గాలిని పట్టుకుని మెల్లగా వెనక్కి తీసింది. తర్వాత ఉంగరం వేలు. తర్వాత మధ్యవేలు. అన్ని వేళ్లూ తీసి, లేని అరచేతిని తన అరచేతిలో పెట్టుకుంది. కండ అట్లాగే ఎగురుతోంది. అతని కళ్లు ఆ పెట్టెలో ఎక్కడో ఉన్నాయి.

"ఎవలు?" అన్నాడు, ఆమె చీర మోకాలికి తగిలి.

"నేనే."

"ఏమన్న పనున్నదా?"

"ఏం లేదు."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. బియ్యం కడుగుతుంటే తలుపు చప్పుడైంది. మొండయ్య వచ్చాడు. కంపెనీ వీరేందర్‌కు గేటు దగ్గర కూర్చుని హాజరు చూసే పని ఇచ్చింది. చేరాల్సిన గడువును ఒకసారి పొడిగించింది. ఇక పొడిగించదని, తనతో వస్తే ఇప్పుడే తీసుకెళ్లి చేర్పిస్తానని చెప్పడానికి ఆయన వానలో బండి వేసుకుని వచ్చాడు. గడపలోనే ఆ సంగతంతా చెప్పాడు.

"వీరేందర్ ఉన్నడా అమ్మా?"

తిరుమల వెనక్కి తిరిగి చూసింది. లోపలి గది కర్టెన్ సగం తీసి ఉంది. కుర్చీ వీపు, దాని మీద పెట్టె పట్టీ బిగిసిన తల కనిపిస్తున్నాయి. మొండయ్యకూ కనిపిస్తూనే ఉండాలి.

"లేడన్నా," అంది.

మొండయ్య టోపీ నుంచి నీళ్లు గడప మీద కారుతున్నాయి. "సరే బిడ్డా," అని బండి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె తలుపు దగ్గరకు వేసి, ఎసట్లో బియ్యం పోసింది.